ఎర్ర కొసలు

దబ్బనం మూడోసారి వేలిలో దిగేసరికి తాళ్ళత్తకి ఒళ్ళు మండిపోయింది. "నీ మొహం మండ! గుడ్డలో దిగమంటే వేల్లో దిగుతావేం?" అని దబ్బనాన్ని తిట్టింది. తిట్టాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళని తిట్టే ధైర్యం లేనప్పుడు దబ్బనమే లోకువ.

రెండు రోజులుగా పట్టిన ముసురు పొద్దున్నే కాస్త తెరిపిచ్చింది. నిలబెట్టిన ఇరవై ఎనిమిది గుడారాల్లో పదకొండింటికి కుట్లు ఊడాయి. సాయంత్రం నాలుక్కి ఛైర్మన్ గారు వస్తున్నారు. ఆలోగా పదకొండూ కుట్టి వరసలో నిలబెట్టాలి. కుట్టే మనిషి ఒక్కతే, దబ్బనమూ ఒక్కటే. మధ్యాహ్నం మూడు దాటింది, ఇంకా నాలుగు మిగిలాయి. పొద్దుటినుంచీ టీ నీళ్ళు తప్ప కడుపులో ఏమీ పడలేదు.

ప్రాంతీయ స్కౌటు మండలికి ఊరవతల వాగు ఒడ్డున ఈ శిబిర స్థలం ఉంది. ఏడాదికి ఆరు క్యాంపులు జరుగుతాయి. గుడారాలూ మోకులూ వాసాలూ ఉంచే స్టోరుకి మొదట ఆమె మొగుడు కాపలాదారు. అతను పోయాక, "పర్మనెంటు మనిషి దొరికేదాకా నువ్వు చూస్తూ ఉండమ్మా" అన్నారు. తొమ్మిదేళ్ళయింది. ఆ పర్మనెంటు మనిషి ఇంకా తల్లి కడుపున పడలేదు కాబోలు! క్యాంపు రోజుల్లో పూర్తి కూలి, మిగతా రోజుల్లో సగం. పిల్లలు తాళ్ళత్తా, తాళ్ళత్తా అని పిలవగా పిలవగా ఆమె అసలు పేరు కూలి చీటీ మీద మాత్రమే మిగిలింది.

స్టోరు గుమ్మంలో మండలి సెక్రటరీ గారు ప్రత్యక్షమయ్యారు. ఇంత బురదలోనూ ఆయన బూట్లకి మరక లేదు.

"ఇంకా అవలేదా?"

"నాలుగున్నాయి సార్."

"నాలుగేంటమ్మా? ఛైర్మన్ గారు కారు దిగంగానే కనబడేవి ఈ గుడారాలే. పరువు తీసేలా ఉన్నావే!"

"చేతులు రెండేగా సార్. కుడుతున్నా. ఒక్క మాట... ఎర్ర కొసల మోకులు నాలుగు వెనక వసారా మూల పడేశాను. వంతెనకి అవి వాడొద్దని డ్రిల్లు మాస్టారికి మీరో మాట చెప్పండి. వాగు చూశారుగా, ఎలా వస్తోందో."

"చూద్దాంలే. ముందు నీ పని నువ్వు చూడు."

ఆయన చూద్దాంలే అన్నారంటే ఇక చూడరని అర్థం. అయినా ఆమెకి ఒక ధీమా ఉంది. మోకు కొసకి ఎర్ర రంగు పూస్తే అది పనికిరానిదని ఈ శిబిరంలో పసిపిల్లలకి కూడా తెలుసు. రంగు చూశాక ఎవడు ముట్టుకుంటాడు?

మోకు పైకి చూస్తే ఏమీ తెలియదు. చేతిలోకి తీసుకుని పురి వెనక్కి తిప్పి, మూడు పేటలూ విడదీసి లోపల చూడాలి. లోపల పసుపుపచ్చగా ఉంటే బతికున్నట్టు. బూడిదరంగు పొడి రాలి, ముక్కిపోయిన వాసన వేస్తే చచ్చినట్టు. ప్రతి క్యాంపుకీ ముందు ఆమె బారలు బారలుగా ఈ పరీక్ష చేస్తుంది. మొగుడు నేర్పిన పని అది. అతుకు వేయడమూ అతనే నేర్పాడు, అయితే గురువుని మించిన శిష్యురాలైంది. పుచ్చిన ముక్క కోసేసి, మంచి ముక్కల పేటలు ఒకదాంట్లో ఒకటి అల్లి కలిపేస్తే, వేలితో తడిమినా ఎక్కడ కలిపిందో దొరకదు.

ఆ పనితనమే కొంప ముంచింది. మూడేళ్ళ క్రితం కొత్త మోకులు కావాలని కాగితం పెట్టింది. వచ్చే ఏడాది చూద్దామన్నారు. క్యాంపు ఆగిపోతుందేమోనని ఆమె అతుకులేసి నెట్టుకొచ్చింది. మరుసటేడు మళ్ళీ అడిగితే సెక్రటరీ గారు ఆ అతుకుల మోకునే మీటింగులోకి పట్టుకెళ్ళి, "చూడండి, కొత్తదానిలా లేదూ? మన తాళ్ళత్త చేతిలో మహత్యం ఉంది. ఇంకెందుకండీ దండగ!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి పొంగిపోయి, ఇంటికెళ్ళి కూతురికి రెండుసార్లు చెప్పుకుంది పిచ్చి మొహం! ఆ ఏడాది మోకుల డబ్బుతో మండలి గుర్తున్న టోపీలు కొన్నారు. నిరుడు ఛైర్మన్ గారి కోసం మఖమలు కుర్చీలు, ఒక షామియానా కొన్నారు. స్టోరులో వాన కారని మూల ఒక్కటే ఉండేది. దాన్ని కుర్చీలకిచ్చి మోకుల్ని వెనక వసారాలో పడేయించారు. ఒక వానాకాలం నానాక, ఇక ఏ అతుక్కీ లొంగనంతగా నాలుగు మోకులు లోపల్లోపల పుచ్చాయి.

"అమ్మా!"

కూతురు పరుగెత్తుకొచ్చింది. మోచేతుల దాకా మసి. పదిహేడేళ్ళ పిల్ల. దాన్ని ఈ శిబిరంలో అందరూ పిడుగు అంటారు.

"తొలి అడుగు నాదేనమ్మా! మాస్టారు పేరు రాసేశారు. పన్నెండో సంతకం ఇవాళే!"

దాని సంబరం చూస్తే తల్లికి కడుపు నిండింది, కడుపు మండింది కూడా. ఫీజు కట్టలేని పిల్లలకి ఇక్కడ సేవా జట్టు అని పేరు. కట్టినవాళ్ళు పొద్దున్నే దిక్సూచి పట్టుకుని అడవిలోకి వెళతారు. సేవా జట్టు గిన్నెలు తోముతుంది, నీళ్ళు మోస్తుంది. అదీ శిక్షణేనట! వీళ్ళకి సాహసం కింద దక్కేది ఒక్కటే. మోకుల వంతెన కట్టగానే దాని మీద మొట్టమొదట నడవడం. దానికి తొలి అడుగు అని గొప్ప పేరు పెట్టి, అది సేవా జట్టుకే ఇచ్చే గౌరవమని చెబుతారు. పిడుగు పరీక్షల పుస్తకంలో పదకొండు సంతకాలున్నాయి. పన్నెండోది పడితే బ్యాడ్జి వస్తుంది. బ్యాడ్జి ఉన్నవాళ్ళకి అగ్నిమాపక శిక్షణలో సీట్లు విడిగా ఉన్నాయి. దరఖాస్తుకి నెలాఖరు గడువు. ఈ ఏడాదికి ఇదే ఆఖరి క్యాంపు. ఇవాళ తప్పితే మళ్ళీ తొలి అడుగు వచ్చే ఏడాదే, అప్పటికి దీనికి స్కౌటు వయసు దాటిపోతుంది.

"వంతెనకి ఏ మోకులు కట్టారే?" అంది తాళ్ళత్త.

"ఏమో, మంచివే. ఎర్ర కొసలేం లేవు, నేను చూశాగా. వస్తానమ్మా, చేతులు కడుక్కోవాలి, ఫొటోలు తీస్తారట!"

హమ్మయ్య అనుకుంది తాళ్ళత్త. పది కుట్లు వేశాక చెయ్యి ఆగిపోయింది. మంచి మోకులా? వంతెనకి సరిపడా పొడుగున్న మంచి మోకు ఈ స్టోరులో ఎక్కడుంది? లేచి వెనక వసారా మూలకి వెళ్ళి చూసింది. నాలుగు మోకులూ లేవు. నేలమీద జానెడేసి ముక్కలు నాలుగు పడున్నాయి. ఎర్ర కొసల్ని కత్తితో నీటుగా కోసేశారు.

గుడారం అక్కడే పడేసి, దబ్బనం కొప్పులో గుచ్చుకుని వాగు వైపు పరుగెత్తింది. దారిలో డ్రిల్లు మాస్టారు ఎదురయ్యాడు. ఆమె గుప్పిట్లో ఎర్ర ముక్కలు చూడగానే తల దించుకున్నాడు.

"మీరేనా కోసింది?"

"నేను కాదు అత్తా, సెక్రటరీ గారే కోయించారు. నన్నేం చెయ్యమంటావు? ఉన్నది ఊడగొట్టుకుని నేనెక్కడికి పోను? పది నిమిషాల పనే కదా. అయినా సేవా జట్టు పిల్లలు తేలిక. బరువాగుతుందో లేదో ముందు వీళ్ళతో తెలిసిపోతుంది, ఆ తర్వాత..." అంటూనే నాలిక కరుచుకున్నాడు.

గౌరవం అసలు రంగు అదీ! తొమ్మిదేళ్ళుగా చూస్తూ కూడా ఆ మాట తనకి తట్టనందుకు తాళ్ళత్తకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఒడ్డున షామియానా వేశారు. ఛైర్మన్ గారు అరగంట ముందే వచ్చేసి మఖమలు కుర్చీలో కూర్చున్నారు. ఎర్రనీళ్ళతో వాగు గట్టు ఒరుసుకుంటూ పోతోంది. దాని మీద మూడు మోకుల వంతెన. కాలు పెట్టడానికి కింద ఒకటి, చేతులకి పైన రెండు. నాలుగో మోకుతో గుంజల్ని బిగించారు. సేవా జట్టు ఏడుగురూ వరసగా నిలబడ్డారు, ముందు పిడుగు. తాళ్ళత్త తిన్నగా వెళ్ళి వంతెన మొదట్లో గుంజకి వీపు ఆనించి నిలబడింది.

"ఏంటమ్మా ఇది?" సెక్రటరీ గారు పళ్ళ బిగువున అన్నారు.

"ఈ మోకు పుచ్చిపోయింది సార్. దీని మీద ఎవ్వరూ కాలు పెట్టకూడదు."

ఆయన వెంటనే ఛైర్మన్ గారి వైపు తిరిగి నవ్వేశారు. "ఏం లేదండీ, ఆ అమ్మాయి ఈవిడ కూతురు. తల్లి కదా, భయం!" షామియానా కింద అందరూ ముచ్చటగా నవ్వారు.

"తల్లిగా కాదు సార్," అందామె, "తాళ్ళదానిగా చెబుతున్నా."

"అమ్మా!" పిడుగు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "నీకు దణ్ణం పెడతా, అడ్డు లే! ఒక్క సంతకం. ఒక్కటంటే ఒక్కటి. నేను ఈదగలను కూడా. నా బతుకు పాడు చెయ్యకే!"

తాళ్ళత్త గుంజ వదలకుండానే మోకు కొస చూపించింది.

"నా మాట వినొద్దులే. నీకు నేర్పానుగా, పురి విప్పి నువ్వే చూడు. బాగుంటే నడువు. నేను తప్పుకుంటా."

పిడుగు విసురుగా వంగింది. కట్టు దాటి వేలాడుతున్న కొస పట్టుకుని పురి వెనక్కి తిప్పింది. పేటలు విడిపోయాయి. బూడిదపొడి వేళ్ళ మీద రాలింది. పిల్ల వాసన చూసింది, మరో చోట విప్పింది, అక్కడా అంతే.

"ఈ అతుకు నీదే కదమ్మా?"

"నాదే."

"మూడేళ్ళుగా వీటిని బాగు బాగు అనిపించిందీ నువ్వే కదా?"

"నేనే." కొడితే ఏడవచ్చు, ఈ మాటకి ఏడవడానికి కూడా లేదు. "తప్పు నాదే. అతకకుండా ఉండాల్సింది."

"చూడమ్మాయ్," సెక్రటరీ గారు జేబులోంచి కలం తీశారు, "ఛైర్మన్ గారు ఎదురుచూస్తున్నారు. నడిస్తే ఇప్పుడే ఇక్కడే సంతకం. లేదంటే నీ ఇష్టం, వెనకాల ఆరుగురున్నారు."

పిడుగు ముక్కు తుడుచుకుంది. ముక్కు మీద బూడిదరంగు చార పడింది. పరీక్షల పుస్తకం తీసి ఆయన చేతికి ఇవ్వబోయి, మళ్ళీ వెనక్కి లాక్కుంది.

"ముందు మీరు దాటి రండి సార్. వచ్చాక సంతకం పెడుదురుగాని."

ఆయన వాగు వంక చూశారు. తర్వాత వరసలో రెండో పిల్లవాడి వంక చూశారు. వాడు చేతులు వెనక్కి పెట్టుకుని పిడుగు వేళ్ళనే చూస్తున్నాడు, కదల్లేదు. వాడి వెనక పిల్లా కదల్లేదు. "మాస్టారూ!" అని అరిచారు. డ్రిల్లు మాస్టారు తన బూట్ల లేసులు ఇవాళే కొత్తగా కనబడ్డట్టు వాటినే చూస్తూ ఉండిపోయాడు.

"ఏమిటయ్యా ఆలస్యం?" షామియానా కిందనుంచి ఛైర్మన్ గారి గొంతు.

సెక్రటరీ గారు ఊరికే సెక్రటరీ కాలేదు. క్షణంలో మొహం మార్చేశారు. "సరే సరే, వాగు ఉధృతంగా ఉందండీ, నడక వద్దు. పిల్లలంతా మోకు పట్టుకుని నిలబడండి, ఫొటో తీయించుకుందాం. తర్వాత విప్పి జాగ్రత్తగా స్టోరులో పెట్టేయండి. పై క్యాంపుకి పనికొస్తాయి."

పై క్యాంపుకి! తాళ్ళత్త చెవులు గింగురుమన్నాయి. పై క్యాంపుకి ఈ మోకు మళ్ళీ వస్తుంది. కొసలు కోసి ఉంటాయి గనక ఎర్రరంగు ఉండదు. అప్పుడు తను ఇక్కడ ఉండదు, ఉండనివ్వరు. ఎవరి పిల్లో వరసలో ముందు నిలబడి ఉంటుంది.

ఆమె వంగి గుంజకి కట్టిన ముడి లాగేసింది. కింది మోకు జారి వాగులో పడింది. నీళ్ళు దాన్ని పక్కకి ఈడ్చాయి. ఫొటో తీసేవాడు కెమెరా దించేశాడు.

"ఏయ్! ఏం చేస్తున్నావ్? అది మండలి ఆస్తి!"

తాళ్ళత్త మోకు కొస ఒళ్ళోకి లాక్కుని బురదలోనే చతికిలబడింది. తన చేతి పని తనకి కాక ఎవరికి తెలుస్తుంది, వేలు తిన్నగా మొదటి అతుకు మీదికి వెళ్ళింది. కొప్పులోంచి దబ్బనం తీసింది.

"మోకు మీదే సార్," అంది తలెత్తకుండా. "అతుకులు నావి."

దబ్బనం పేటల మధ్య దిగింది. మూడేళ్ళ క్రితం బిగించి అల్లింది. అంత తేలిగ్గా రావడం లేదు. మోకు తడిసి బరువెక్కి వాగులోకి జారిపోతోంది.

పిడుగు తల్లి మొహంలోకి చూడలేదు. పుస్తకం చంకలో ఇరికించుకుని ఎదురుగా గొంతుక్కూర్చుని, జారిపోతున్న మోకుని రెండు చేతులా పట్టి లాగింది.

"గట్టిగా పట్టుకోవే," అంది తాళ్ళత్త.

"పట్టుకున్నాలే. కానివ్వు. ఇంకా మూడు మోకులున్నాయి."