మైకమ్మ కొన్న రెండు డిస్కులు

"నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీదున్న బస్సు మరో ఐదు నిమిషాల్లో బయలుదేరును."

మీట నొక్కి మైకు ఆపేసి, ఆమె మెడ మీద రెండు వేళ్లు ఆనించి గుటక వేసింది. లోపల ఇసుక రాసుకున్నట్టయింది. మైకు గది ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. కిటికీ అద్దం పొగకు పసుపు తిరిగింది. ఇరవై ఆరేళ్లుగా ఆమె కూర్చుంటున్న కుర్చీకి ఎడమ చెయ్యి ఊడిపోయి చాలా కాలమైంది. బస్టాండులో అంతా ఆమెను మైకమ్మ అంటారు. ఆ గొంతు తెలియని డ్రైవరు లేడు. బయట ఎదురుపడితే ఆమెను గుర్తుపట్టేవాళ్లు మాత్రం పదిమంది కూడా ఉండరు.

గొంతులో పెరిగిన గడ్డ తియ్యాలంటే స్వరపేటికే తీసెయ్యాలన్నాడు డాక్టరు. ఎల్లుండి ఆపరేషన్. అందాకా మాటలు తగ్గించమన్నాడు. ఇదే ఆఖరి డ్యూటీ.

రెండు గంటలకు షిఫ్టు ముగుస్తుందనగా సూపర్‌వైజరు కాగితాల కట్టతో వచ్చాడు.

"ఊళ్ల పేర్లన్నీ ఇందులో ఉన్నాయమ్మా. ఒక్కసారి చదివి రికార్డు చేసిచ్చెయ్. మిషన్లో పెట్టేస్తాం. నీ గొంతు ఎప్పటికీ ఇక్కడే ఉంటుంది."

"ఇన్నాళ్లూ అద్దెకిచ్చాను సార్. అమ్మే ఉద్దేశం లేదు."

"దాచుకుని మాత్రం ఏం చేస్తావు? ఎల్లుండి ఎటూ..." అని ఆయన నాలుక కరుచుకున్నాడు.

"ఎల్లుండి కదా. ఇవాళ నాకు పనుంది," అంటూ ఆమె లేచి సంచీ భుజాన వేసుకుంది.

ఆ పని తొమ్మిదేళ్ల కిందట మొదలైంది. అత్తగారికి చూపు మందగించాక ఆమె రోజూ కథలు చదివి వినిపించేది. "నువ్వు డ్యూటీకి పోతే నా సంగతేంటే? చదివి ఆ కంప్యూటర్లో పోసిపెట్టు," అంది పెద్దావిడ. అలా పోసిపెట్టినవి ఎవరి ద్వారానో చూపులేని విద్యార్థుల హాస్టలుకు చేరాయి. అక్కడి వార్డెన్ పాఠ్యపుస్తకాలు పట్టుకుని ఇంటికొచ్చింది. చరిత్ర అయింది, అర్థశాస్త్రం అయింది. ఇప్పుడు లావుపాటి న్యాయశాస్త్రం పుస్తకంలో ఒక్క అధ్యాయం మిగిలింది. సరిగ్గా ఇప్పుడే కంప్యూటర్లోని హార్డ్ డిస్కు నిండిపోయింది. పైగా పాడయ్యేముందులా టిక్కు టిక్కుమంటోంది.

"ఇంకా దాని మీద ఖర్చెందుకు వదినా? ఎల్లుండి తర్వాత రికార్డు చేసేదేముంది?" అన్నాడు పొద్దున మరిది.

"చేసింది పారేసుకోమంటావా?" అని ఆమె అడిగితే అతను టీ తాగడంలో మునిగిపోయాడు.

కంప్యూటర్ల షాపు బస్టాండు వెనక సందులో ఉంది. షాపతను ఆమె చీరనూ, చెప్పులనూ చూసి, వేలెడంత ఎస్‌ఎస్‌డి, వేగంగా పనిచేసే కొత్తరకం డిస్కు, తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది వెయ్యండి మేడం, సిస్టం పరుగెడుతుంది."

"పరుగెత్తి ఎక్కడికి పోవాలి? నాకు చోటు కావాలి. మాట దాచుకోవడానికి."

ధరా, అందులో పట్టే చోటూ విన్నాక ఆమె తల అడ్డంగా ఊపింది. అతను కింది అరలోంచి ఇంకొకటి తీశాడు. పెద్దది, సగం ధర. కొత్తదానిలాగే ఉందన్నాడు.

"లాగే అంటే? ఎన్ని గంటలు తిరిగిందో చూపించు బాబూ. తగిలిస్తే తెలుస్తుందట కదా."

అతను అయిష్టంగానే తగిలించాడు. ఏదో ఆఫీసు సీసీ కెమెరాలకు పగలూ రాత్రీ పనిచేసిన డిస్కు. యాభై రెండు వేల గంటలు.

"రోజుకు ఎనిమిది గంటల లెక్కన ఇంచుమించు నా అంత సర్వీసుంది దీనికి. రిటైరైనదాన్ని నాకు అంటగడతావా?"

అతనికి నవ్వొచ్చింది. స్టూలు ముందుకు జరిపి కూర్చోమన్నాడు. ఈసారి ఏం దాస్తారో, ఎన్నేళ్లు ఉండాలో అడిగాడు. చివరికి ఎస్‌ఎస్‌డి ధరలోనే మామూలు కొత్త డిస్కులు రెండు వచ్చాయి. ఒకటి కంప్యూటర్లోకి, ఒకటి బయట తగిలించే డబ్బాతో హాస్టలుకి.

"రెండూ ఒకే కంపెనీవి ఇవ్వకు. ఒక్కసారే పాడైతే నేను మళ్లీ చదవలేను," అంది.

ఇంట్లో, టైలరైన భర్త కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో కంప్యూటర్ పెట్టె విప్పాడు. పాత డిస్కు టిక్కుమంటూనే తొమ్మిదేళ్ల మాటలన్నీ కొత్తదానికి అప్పజెప్పింది. గంటన్నర పట్టింది. నాలుగున్నరకు ఆమె ఆఖరి అధ్యాయం తెరిచింది.

పదో పేజీకి గొంతు చీలింది. ఇరవయ్యో పేజీ దగ్గర దగ్గు తెర ఆగలేదు. భర్త నీళ్లు తెచ్చి, "ఇక చాలు. నలభై పేజీలు తక్కువైతే ఎవరూ నిన్ను ఉరితియ్యరు," అన్నాడు.

"పరీక్షలో ఈ నలభై పేజీల్లోంచే అడుగుతారు," అని ఆమె పేజీ తిప్పింది.

ఏడు గంటలవుతుండగా పుస్తకం మూసింది. మూలన మంచం మీది అత్తగారు అంతసేపూ చెవొగ్గి వింది. అప్పుడంది:

"చివరి పేరాలో ఒక ముక్క మింగేశావే. మళ్లీ చదువు."

ఆమె నవ్వి, పుస్తకం తెరిచి, ఆ పేరా మొదటినుంచీ చదివింది. ఈసారి ఒక్క అక్షరం జారలేదు.

ఆపరేషన్ ఆరు గంటలు జరిగింది. పన్నెండో రోజున మెడకు కట్టుతో ఆమె ఇంటికొచ్చింది. గొంతు రాలేదు. రెండో డిస్కును వార్డెన్ అప్పటికే తీసుకెళ్లింది. ఆ సాయంత్రం మైకమ్మ తనే కంప్యూటర్ పెట్టి, అత్తగారి పక్కన కూర్చుంది. న్యాయశాస్త్రం మొదలైంది. పెద్దావిడ కోడలి చెయ్యి తడిమి పట్టుకుంది.

"గొంతు కాస్త పెంచవే," అంది.

కోడలు వీధిలోకి వినపడేంత పెంచింది. పక్కింటివాళ్లు తొంగిచూసినా తగ్గించలేదు.

బస్టాండులో ఇప్పుడు ఎవరిదో గొంతు మిషన్లోంచి ఊళ్ల పేర్లు చెబుతోంది. మైకు గదికి తాళం వేశారు. కిటికీ గట్టు మీద మూతలేని చిన్న మందు సీసా ఒకటి ఉంది. అందులో, గొంతు కోసం ఆమె నములుతూ వచ్చిన మిరియాలు ఇంకా పది గింజలున్నాయి.