చదువని వాక్యము

శిశిరము కడపటి దినములం గడపుచుండ మంచుతెరల నడుమనుండి రాగిపళ్లెరమువలె వెలికివచ్చిన బాలభానుని కిరణములు శాసనసభాసౌధశిఖరమునఁ బసిఁడినీరు చల్లుచుండ నశ్వారూఢులగు రక్షకభటులు ముందు నడువ గవర్నరు కొమరగిరి సాంబమూర్తి వార్షికప్రసంగము చదువుటకై సభాభవనముం బ్రవేశించెను.

ఆయన పొరుగున నున్న తెలుఁగురాష్ట్రమువాఁడు. యౌవనమున న్యాయవాదవృత్తిని విడిచి జలాశయముక్రింద మునిఁగిపోనున్న పల్లెలకు నాయకుఁడై పోరాడి చెరసాలలయందు శరీరమును కృశింపఁజేసికొని పిదప శాసనసభ్యుఁడై మంత్రియై వార్ధకమున నిచటికి గవర్నరుగా నియుక్తుఁడయ్యెను.

మంత్రివర్గము వ్రాసియిచ్చిన ప్రసంగమును గవర్నరు తన పలుకులుగాఁ జదువుట సంప్రదాయము. సగమువఱకు గంభీరకంఠమునఁ జదివిన సాంబమూర్తి యొక్క పుటయొద్ద నాఁగెను. చిత్రేటిపై నానకట్ట గట్టి తీరవాసులను "నా ప్రభుత్వము" వేఱొకచోటికిఁ దరలించునని యందుండెను. "నా" యను నొక్కపదముపైఁ జూపు చిక్కుకొనెను. ఆ ప్రభుత్వ మెవరిదో యీ నో రెవరిదో తెలియక యా వాక్యమును విడిచి తక్కినది చదివి వెడలెను.

సాయంకాలమున ముఖ్యమంత్రి వచ్చి లేశమైనఁ గోపింపక ముద్రితప్రతి సభలో నుంపఁబడినది గావున సర్వమును జదివినట్లే పరిగణింపఁబడునని వినయముతో విన్నవించి పోయెను.

కొన్నాళ్లకుఁ జిత్రేటితీరమునుండి పైడయ్య యను వృద్ధకర్షకుఁడు రాజభవనమునకు వచ్చెను. సరిహద్దుపల్లెలవా రగుటం జేసి వారిది తెలుఁగే.

"అయ్యా, ఆ మాట తమరు సదవనేదని మావోళ్లు సంబరపడినారు. సదివినారని పేపర్లో అచ్చేసినారు. మేం ఊరొగ్గెయ్యాలా, ఉండాలా?"

"నేను చదువలేదు పైడయ్యా. కాని చదివితిననియే లెక్క."

"అయితే తమరి మాట తమరిది కాదా బాబూ?"

ఆ వృద్ధుఁడు నమస్కరించి వెడలిన పిదప సాంబమూర్తి తన యంతరాత్మ సమ్మతింపమిం జేసి పదవిని విడుచుచున్నానని వ్రాసి ఢిల్లీకిఁ బంపెను. రాజీనామా యంగీకృతమయ్యెను. అనారోగ్యకారణమున గవర్నరు వైదొలఁగెనని పత్రిక లన్నియుఁ బ్రకటించెను.

ఆయన స్వగ్రామమునకుఁ బోక తిన్నగఁ జిత్రేటిపల్లె కేఁగెను. పత్రికావార్త యంతకుమున్నే యటఁ జేరియుండెను. పైడయ్య భార్య సూరమ్మ యాయనను నులకమంచముపైఁ గూర్చుండఁబెట్టి వేఁడిమిరియాలకషాయమును దెచ్చి చేతి కందిచ్చెను.

"జబ్బుమనిసి ఇంతదూరం ఎందుకొచ్చినారు బాబూ? ముందు ఇది తాగండి."

తాను రోగి కాఁడని చెప్పఁబోయి యిప్పు డా మాట నెవరు నమ్ముదురో యసలు తానైన నమ్ముచున్నాఁడో నిశ్చయింపలేక సాంబమూర్తి యా కషాయమును ద్రాగెను. ఆవలిగట్టున నానకట్టకై సరిహద్దురాళ్లు పాఁతుచున్న సమ్మెటల చప్పుడు నీటిపైనుండి యెడతెగక వినవచ్చుచుండెను.