గంప పట్టని మెట్లు

నేను ఒక ఎర్ర చుక్కను. నవ్వకండి. నాణేలూ సైకిళ్ళూ తమ కథలు చెప్పుకుంటే చెవులు రిక్కించి వింటారు కదా, నాదీ వినండి. బొట్టుబిళ్ళంత ఉంటాను గానీ నా కడుపులో ఉన్నది మాత్రం చిన్నదేమీ కాదు.

పూర్వం భవనాలను కాగితం మీద గీసేవారట. ఇప్పుడు ముందే కంప్యూటర్లో కట్టేస్తారు, పునాది నుంచి కుళాయి దాకా. దాన్ని మోడల్ అంటారు. అది ఎవరి బల్ల మీదా ఉండదు, ఇంటర్నెట్లో ఉంటుంది. విశాఖలో ఆర్కిటెక్టు, హైదరాబాదులో ఇంజనీరు, సైట్లో కాంట్రాక్టరు, మున్సిపాలిటీలో డిప్యూటీ ఇంజనీరు డీఈ గారు, ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని బ్రౌజరు తెరిచి ఆ ఒక్క భవనంలోనే తిరుగుతుంటారు. తప్పు కనిపించిన చోట ఎర్ర చుక్క పెట్టి, పక్కన ఓ మాట రాసి, దాన్ని సరిచేయాల్సిన మనిషి పేరుకు పంపుతారు. సరిచేశాక చుక్క పచ్చబడుతుంది. మా జాతి బతుకంతా ఇంతే.

మాలో చాలా చుక్కలు వాటంతట అవే పుడతాయి. పైపు వెళ్ళి బీమును గుద్దుకుంటే సాఫ్ట్‌వేరే పసిగట్టి చుక్క పెట్టేస్తుంది. నేను అలా పుట్టలేదు. నన్ను ఒక ఆడపిల్ల చేత్తో పెట్టింది.

ఆ పిల్ల పేరు మైలపల్లి రత్నం. ఆర్కిటెక్టు అనంత పద్మనాభం గారి ఆఫీసులో చేరి ఏడాది కాలేదు. ఆ ఆఫీసుకు వచ్చిన పని ఒక చేపల మార్కెట్టు. విశాఖకు ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న మున్సిపాలిటీది. విచిత్రమేమిటంటే అది రత్నం సొంత ఊరు. ఆ మార్కెట్టులో ముప్పై ఏళ్ళుగా నేల మీద కూర్చుని చేపలమ్మే నలభై మందిలో వాళ్ళమ్మ పోలమ్మ ఒకతె.

పాతది పడగొట్టి కొత్తది కడతారు. కింద కార్ల పార్కింగు, ఐసు గది. పైన నలభై కొట్లు, ఆ నలభై మందికే. అలా అని మున్సిపాలిటీ కాగితం రాసిచ్చింది. చివర చిన్న అక్షరాల్లో ఇంకో మాట కూడా కలిపింది. తొంభై రోజులు వరుసగా తెరవని కొట్టు రద్దవుతుందట. పోలమ్మకు చదువు రాదు. ఆ చిన్న అక్షరాలు రత్నమే చదివి చెప్పింది. “తెరవకేటే, నెత్తిమీద గంపుంటే నరకానికైనా ఎక్కుతాను,” అని ఆవిడ కొట్టిపారేసింది.

ఒక సోమవారం పొద్దున రత్నం మోడల్ తెరిచేసరికి మెట్లు ఉన్న చోట లేవు. ఈశాన్యం మూల నుంచి లేచి నైరుతికి వెళ్ళి కూర్చున్నాయి. అక్కడ మెట్ల మలుపు నెత్తిన లావుపాటి బీము ఒకటి ఉంది. మెట్టుకీ బీముకీ మధ్య ఆరడుగుల పది అంగుళాలు. మోడల్లో కొలతకోసం ఓ బొమ్మ మనిషిని నిలబెడతారు. ప్యాంటూ చొక్కా వేసుకుని, చేతిలో బ్యాగుతో, నెత్తి మీద గాలి తప్ప మరేమీ లేకుండా ఆ మహానుభావుడు బీము కింద నుంచి ఠీవిగా వెళ్ళిపోతున్నాడు. రూలు ప్రకారం ఎత్తు సరిపోయిందని సాఫ్ట్‌వేరు కూడా తలూపింది.

రత్నం తలూపలేదు. ఆదివారం ఇంటికి వెళ్ళి, తల్లిని నిండు గంపతో గుమ్మంలో నిలబెట్టి టేపు పెట్టి కొలిచింది. “నన్నెందుకే కొలుస్తన్నావు, జాకెట్టు కుట్టిస్తావేటి?” అని పోలమ్మ ఒకటే నవ్వు. నేల నుంచి గంప మీది సత్తు బేసిను అంచు దాకా ఏడడుగుల ఐదంగుళాలు. అంటే ఆ మెట్ల మీద ఏడంగుళాల ఎత్తు తక్కువ. ఆ గుమ్మం మాత్రం ఎనిమిదడుగులు. ఇల్లు కట్టేటప్పుడు అంత ఎత్తెందుకని తాపీమేస్త్రి గొడవపడితే, “నా పెళ్ళాం గంపతో వొస్తాది, వొంగదు,” అన్నాడట రత్నం తండ్రి. ఆయన వేట తప్ప వేరే చదువు చదవలేదు.

నవ్వుతున్న పోలమ్మ, గంప, గుమ్మం, టేపు, అన్నీ ఫోటో తీసి నా కడుపులో పెట్టి, నన్ను ఆ బీముకు అతికించింది రత్నం. “గంపతో మనిషి పట్టదు,” అని రాసింది. నా నంబరు నాలుగు వందల పదిహేడు.

ఇక మొదలైంది నా తిరుగుడు. పెళ్ళీడు పిల్ల జాతకాన్నైనా అన్ని ఇళ్ళు తిప్పరు.

మొదట పద్మనాభం గారి పేరు మీద చేరాను. ఆయన మంచివాడు. మంచివాళ్ళతోనే వచ్చింది నా చావు. “భలే పట్టావమ్మా,” అని మెచ్చుకుని, నన్ను హైదరాబాదులోని ఇంజనీరు తిరుపాలరెడ్డి గారికి తోసేశారు. రెడ్డిగారు ఆరు రోజులు నావైపు చూడలేదు. ఏడో రోజు రాశారు: “బీము తగ్గించను. తగ్గిస్తే నా సంతకం ఉండదు. మెట్లు జరుపుకోండి.” ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

మెట్లు జరపాలంటే వాటిని అక్కడికి జరిపినాయన్ని అడగాలి. వాస్తు సిద్ధాంతి అవధానులు గారు. ఆయనకూ మోడల్లోకి తాళం ఉంది, మున్సిపల్ చైర్మన్ గారు దగ్గరుండి ఇప్పించారు. నాకు జవాబుగా ఆయన రాయలేదు, గొంతు రికార్డు చేసి పంపారు. “ఈశాన్యంలో మెట్లా? శివ శివా! ఈశాన్యాన్ని తొక్కుకుంటూ ఎక్కితే చైర్మన్ గారి పదవి ఏం కావాలయ్యా?” నలభై మెడలు ఏం కావాలో ఆయన శాస్త్రంలో లేదనుకుంటాను.

ఆయన దగ్గర నుంచి డీఈ సన్యాసినాయుడు గారికి పోయాను. ఆయన నన్ను తెరిచి ఫోటో చూసి, “బాగుంది,” అని మూసేశారు. ఆ ఒక్క మాటకు అప్పుడు నేను మురిసిపోయాను కూడా, బుద్ధి లేక.

రత్నం ఊరుకుందా? బొమ్మ మనిషి నెత్తిన ఒక గంప తయారుచేసి పెట్టింది. అంతే, సాఫ్ట్‌వేరు గొల్లుమంది. గంప బీమును గుద్దుకుంటోందని దానంతట అదే ఎర్ర చుక్క పెట్టేసింది. నాకు తోబుట్టువు పుట్టినంత సంబరమైంది. మర్నాడు కాంట్రాక్టరు ఆఫీసువాళ్ళు ఆ గంపను తీసేశారు. “కదిలే వస్తువు, భవనంలో భాగం కాదు,” అని కారణం రాశారు. గంపతోపాటే నా తోబుట్టువూ పోయింది.

చివరికి మీటింగు పెట్టారు, ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని, నన్ను మధ్యలో పెట్టుకుని.

“అమ్మా, నా మాట ఇను,” అన్నారు సన్యాసినాయుడు గారు. “ఆల్లు గంప దించుతారు, మలుపు దాటుతారు, మల్లీ ఎత్తుకుంటారు. దీనికేటి ఇంత గోల?”

“నిండు గంప తనంతట తాను ఎత్తుకోలేరు సార్,” అంది రత్నం. “ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి. మెట్ల మధ్యలో ఎవరుంటారు సార్?”

“లిఫ్టుంది కదా?”

“చేపల నీళ్ళు కారతాయని, కొనేవాళ్ళకు మాత్రమేనని మీరే రాశారు సార్.”

అప్పుడు పద్మనాభం గారు ఆ మాట అన్నారు: “సరేలే, సైట్లో చూసుకుందాం.” అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. అయ్యా, కట్టడాల లోకంలో ఇంతకన్నా తియ్యని అబద్ధం లేదు. వంకర గోడను అడగండి, తెరుచుకోని కిటికీని అడగండి, నీళ్ళు నిలిచే మేడను అడగండి, ఇదే మాట చెబుతాయి. సైట్లోవాళ్ళేమో మోడల్లో ఎలా ఉంటే అలా కడతారు.

ఇక్కడో చిక్కు వచ్చింది. ఒక్క ఎర్ర చుక్క మిగిలినా మోడల్ను అనుమతికి పంపడం కుదరదు. పైగా చుక్క పెట్టిన మనిషే దాన్ని మూయాలి, ఇంకెవరు నొక్కినా మూతపడదు. సాఫ్ట్‌వేరు రాసినవాళ్ళు అది న్యాయం అనుకుని పెట్టి ఉంటారు. మిగతా ఎనిమిది వందల చుక్కలూ పచ్చబడిపోయాయి. నేనొక్కదాన్నే ఎర్రగా మిగిలాను.

పద్మనాభం గారు రత్నాన్ని పిలిచి టీ తెప్పించారు. తిట్టలేదు. తిడితే బాగుండేది, ఆ పిల్ల ఎదురుతిరిగేది. “నీ బాధ నాకు తెలుసమ్మా. కానీ ఇప్పుడు పని ఆగింది నీ పేరు మీద. మార్కెట్టే రాకపోతే మీ అమ్మకి ఆ కొట్టు కూడా ఉండదు. మూసెయ్యి. నేనున్నాను, సైట్లో చూసుకుంటాను,” అన్నారు.

రత్నం వచ్చి నా ముందు చాలాసేపు కూర్చుంది. నా ఫోటో తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. నొక్కకే తల్లీ అని అరవాలని ఉంది, నోరేదీ? “సైట్లో చూసుకుంటారు” అని టైపు చేసి, బొటనవేలితో కళ్ళు తుడుచుకుని నొక్కేసింది. నేను పచ్చబడ్డాను. నా కింద రెండు వరుసలు పడ్డాయి. సమస్య: పరిష్కారమైంది. మూసినవారు: మైలపల్లి రత్నం.

మార్కెట్టు మోడల్లో ఉన్నది ఉన్నట్టే లేచింది. బీము అక్కడే, మెట్లూ అక్కడే. ఏడంగుళాలు సైట్లో ఎవరికీ కనబడలేదు. కట్టడం అయ్యాక మోడల్ను మున్సిపాలిటీకి అప్పగించి, భవనంలోని కెమెరాలను కూడా దానికే తగిలించారు. కాబట్టి తర్వాత జరిగినదంతా నేను కళ్ళారా చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

ప్రారంభం రోజు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. “మత్స్యకార మహిళలకు మహర్దశ.” చైర్మన్ గారి బొమ్మ పక్కనే నెత్తిన గంపతో నవ్వుతున్న పోలమ్మ. అది నా కడుపులోని ఫోటో! సన్యాసినాయుడు గారు “బాగుంది” అన్నది ఇందుకన్నమాట. గుమ్మం కోసేశారు. టేపు చెరిపేశారు. నవ్వు ఉంచారు. ఆ ఫ్లెక్సీని కట్టడానికి వాళ్ళకు అనువుగా కనిపించింది ఏదో తెలుసా? మెట్ల మలుపు మీది ఆ బీమే.

చప్పట్ల మధ్య పోలమ్మనే మొదట ఎక్కమన్నారు. ఆవిడ ఎక్కింది, ఠీవిగా, మెడ నిటారుగా. మలుపులో ఫ్లెక్సీ వెనకున్న బీముకు బేసిను ధన్‌మని తగిలింది. గంప వెనక్కి వొరిగింది. కింద ఉన్న ఆడవాళ్ళు “ఓలమ్మో!” అని పట్టుకోకపోతే మనిషే దొర్లిపోయేది. కవ్వళ్ళూ సావళ్ళూ, గంపలోని చేపలన్నీ మెట్ల మీద జారుతూ కార్ల దాకా పోయాయి. ఫోటోలు తీసేవాళ్ళు కెమెరాలు పక్కకు తిప్పుకున్నారు.

వాళ్ళు ప్రయత్నించలేదని అనకండి. పదిహేను రోజులు మలుపులో ఒకరికొకరు దించుకున్నారు, ఎత్తుకున్నారు. ఎత్తినావిడ కింద ఆగిపోతే ఆవిడ గంప ఎత్తేదెవరు? అక్కడ తోపులాట, కొనేవాళ్ళ చీదరింపు. ఒకావిడకి మెడ పట్టేసింది, ఇంకొకావిడ చెయ్యి విరిగింది. ఒక్కొక్కరే దిగొచ్చి ఎదుటి రోడ్డు వారన, ఎండలో, పాత గోనెలు పరుచుకుని కూర్చున్నారు. తొంభై రోజులు ఇట్టే గడిచాయి. కొట్ల రద్దు నోటీసులో “మహిళలు ఆసక్తి చూపలేదు” అని రాసి, మోడల్లోనే ఒక మూల దాచారు. నాకు పొరుగునే.

ఒక ఆదివారం మధ్యాహ్నం రత్నం ఊళ్ళో అమ్మ ఇంట్లో లాప్‌టాప్ తెరిచి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మళ్ళీ ఎర్రగా మార్చాలని నొక్కింది, మళ్ళీ నొక్కింది. “ప్రాజెక్టు ముగిసింది. చూడటానికి మాత్రమే,” అంది సాఫ్ట్‌వేరు. నా ఫోటో మాత్రం తెరుచుకుంది, గుమ్మంతో, టేపుతో సహా.

వెనక నుంచి పోలమ్మ తొంగి చూసింది. “ఓలి, నానే కదా! ఆ పచ్చ సుక్కేటే?”

“గంప పట్టదని నేనే పెట్టానమ్మా. అప్పుడు ఎర్రగా ఉండేది. పచ్చబడిందంటే సమస్య తీరిపోయిందని.”

“తీరిపోయిందా!” పోలమ్మ నవ్వబోయింది. “ఎవులే తీర్చినోల్లు?”

రత్నం తెర వైపు చూసింది. నా కింద పేరు ఉంది, ఆ తల్లికి చదువు రాదు. కావాలంటే ఏ పేరైనా చెప్పొచ్చు. ఎంతమంది లేరు!

“నేనేనమ్మా,” అంది. “మూసెయ్యమన్నారు, మూసేశాను.”

తిడుతుందేమో, ఏడుస్తుందేమో అని నేను చూస్తున్నాను. పోలమ్మ చుట్టకుదురు నెత్తిన సర్దుకుంది. వాకిట్లో నిండుగా ఉన్న గంప వైపు చూసింది. రోడ్డు మీద మధ్యాహ్నం బేరానికి వేళవుతోంది.

“నెగు,” అంది. “గంప ఎత్తు.”

రత్నం లేచి వెళ్ళింది. ఇద్దరూ చెరో పక్క పట్టి గంపను పోలమ్మ నెత్తికెత్తారు. రత్నం లాప్‌టాప్ మూయడం మరిచిపోయింది కాబట్టి దాని కెమెరాలోంచి నాకంతా కనిపించింది. పోలమ్మ లోపలికి వచ్చి కత్తిపీట అందుకుని, గంప నెత్తినే ఉండగా, ఆ ఎనిమిదడుగుల గుమ్మంలో నుంచి వంగకుండా బయటికి వెళ్ళింది.