బల్ల మీద టీ గ్లాసు

మా ఆయన అంకమ్మరావుకి పొగ రంగు తెలియదన్న సంగతి దాచేపల్లి మొత్తంలో నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

నలభై ఏళ్లుగా లారీ ఇంజన్లు బాగుచేస్తున్న మనిషి. సగం రోగం చెవితో విని చెప్పేస్తాడు. మిగతా సగం పొగ చెప్పాలి. తెల్లగా వస్తే లోపలికి నీళ్లు దిగుతున్నట్టు. నల్లగా వస్తే డీజిలు ఎక్కువ పడుతున్నట్టు. నీలంగా వస్తే ఇంజనాయిలు మండుతున్నట్టు, అంటే పిస్టను రింగులు అరిగిపోయినట్టు. కళ్లలో శుక్లాలు వచ్చాక ఆయనకి నీలమూ నలుపూ ఒకటే అయిపోయాయి. ఆపరేషనంటే భయం. సంగతి బయటపడితే షెడ్డుకి ఒక్క బండీ రాదు.

అందుకని మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. పొద్దున నేను అన్నం క్యారేజీతో వెళ్లే వేళకి ఆయన ఇంజను స్టార్టు చేయిస్తాడు. పొగ నీలమైతే క్యారేజీ బల్ల మీద పెడతాను. నలుపైతే నేల మీద. తెలుపైతే చేతిలోనే ఉంచుకుంటాను. లారీల వాళ్లకి నేను అన్నం తెచ్చే ముసలిదాన్ని, అంతే.

నాకు నాలుగేళ్లప్పుడు మా అమ్మ నన్ను మాచవరంలో అమ్మమ్మ దగ్గర కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని బస్సెక్కింది. మళ్లీ రాలేదు. అప్పటినుంచీ ఎవరు గడప దాటినా నాకు గుండెదడ. బడికి పోకుండానే అక్షరాలు కూడబలుక్కున్నది కూడా, పోయే బండి ఏ ఊరికి పోతుందో చదువుకోవడానికే. ఈ క్యారేజీ ఏర్పాటు మొదలయ్యాక ఆ దడ కాస్త తగ్గింది. నేను లేనిదే ఆయన పని సాగదు కదా.

పంతొమ్మిదివందల ఎనభై తొమ్మిదిలో మా అక్కకి జబ్బుచేస్తే రాజుపాలెం వెళ్లి పది రోజులున్నాను. తిరిగొచ్చిన మర్నాడు నేను రోడ్డు దాటుతుండగానే షెడ్డులో ఇంజను గర్జించింది. నీలిపొగ. పక్కన టీ బంకు నడిపే మహమూదా గ్లాసుతో వచ్చింది. నలభై దాటిన మనిషి, భర్త పోయాడు. పొగను ఓరగా చూసి గ్లాసు బల్ల మీద పెట్టింది.

"రింగులు పొయినయ్," అన్నాడు మా ఆయన డ్రైవరుతో.

నా కాళ్లు రోడ్డు మీదే ఆగిపోయాయి. ఆయన ఆమె చెయ్యి పట్టుకోవడం చూసినా నాకంత మండేది కాదేమో.

"వచ్చినావా పెద్దమ్మా? నువ్వు లేక మేస్త్రీ చిక్కిపోయాడు," అంది మహమూదా.

"నీ టీలు తాగి బలిసినాడులే."

ఆమె నవ్వింది. ఆ నవ్వు కూడా నాకు కంటగింపైంది.

రెండో రోజున కోటేశ్వర్లు తన లారీ తెచ్చాడు. సున్నపురాయి ఫ్యాక్టరీకి తోలుతాడు. ఆ బండే అతని బతుకు. ఏటా బండిని ఇన్‌స్పెక్టరుకి చూపించి కాగితం తెచ్చుకోవాలి. దాన్నే బ్రేకు అంటారు.

"ఎల్లుండి నరసరావుపేటలో బ్రేకు, మేస్త్రీ. ఈ ఏడు పొగ గూడా చూస్తన్నారు. సైలెన్సరులో గొట్టం పెడితే మీటరు ముల్లు తిరుగుద్దంట. తప్పితే బండి ఇంటికాడే."

ఇంజను గర్జించింది. నీలిపొగే, అనుమానం లేదు. మహమూదా గ్లాసు బల్ల మీద పెట్టింది. నేను ఆ చేతినే చూస్తూ వంగి, క్యారేజీని చప్పుడయ్యేలా నేల మీద పెట్టాను.

ఆయన గ్లాసు వైపు చూశాడు. క్యారేజీ వైపు చూశాడు.

"నల్లపొగేరా. డీజిలు పంపు తగ్గించి నాజిళ్లు కడుగుతా," అన్నాడు.

మహమూదా నా మొహంలోకి చూసి, బంకులోకి వెళ్లిపోయింది. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను.

బ్రేకు నాడు సాయంత్రం కోటేశ్వర్లు మండిపడుతూ వచ్చాడు.

"ఏంది మేస్త్రీ, ముల్లు ఆ చివరికి పొయ్యింది! ఏ గుడ్డోడు చేశాడయ్యా అని నవ్వినారు. బండి పిడుగురాళ్ల మేస్త్రీ కాడికి తోలకపోతన్నా."

మా ఆయన నా వైపు చూడలేదు. "నాదేరా పొరపాటు. ఇంక నా వల్ల కాదు," అంటూ పానాలు ఒక్కొక్కటే పెట్టెలో వేశాడు. నన్ను తిట్టి ఉంటే నోరు మూసుకునేదాన్నేమో.

"ఆయన తప్పు లేదు. అది నీలిపొగే. నేనే కావాలని నలుపని చెప్పినా," అన్నాను. ఆయన కళ్ల సంగతీ, క్యారేజీ సంగతీ, గ్లాసు సంగతీ అన్నీ చెప్పేశాను. బంకులోంచి మహమూదా వింటూనే ఉంది.

"ఎందుకు అబద్ధమాడినావే?" అన్నాడు ఆయన.

"దానికెందుకు నేర్పినావు?"

"పది రోజులు పని ఆపమంటావా? గుర్తులు రెండూ తేడాగా ఉంటే నీదే నమ్మినా గదే."

నేను పెట్టెలోంచి పానాలు తీసి మళ్లీ ఆయన ముందు పెట్టాను.

కోటేశ్వర్లు తలపట్టుకున్నాడు. "మీ మొగుడూపెళ్లాల గొడవకి నా బండే దొరికిందా! సరే, రింగులెయ్యి మేస్త్రీ. ఈసారన్నా నోటితో చెప్పుకోండి."

కొత్త రింగులు వేసిన రోజున ఇంజను మళ్లీ గర్జించింది. సైలెన్సరు దగ్గర వేడికి గాలి అల్లాడడం తప్ప ఏమీ లేదు. దానికి మా దగ్గర గుర్తు లేదు. మహమూదా బల్ల మీద గ్లాసు పెట్టి మా వైపు తిరిగింది. నేను క్యారేజీ పట్టుకుని నిలబడ్డాను.

"ఏమే, ఏం రంగు?" అని ఆయన అందరిలో గట్టిగా అడిగాడు.

మహమూదా కూడా నోరు తెరిచింది. నేనే ముందు అన్నాను.

"ఏ రంగూ లేదు మావా."

మహమూదా పెట్టిన గ్లాసును కాస్త పక్కకి జరిపి, ఈసారి గుర్తుగా కాదు, ఆయన తినడానికే క్యారేజీ బల్ల మీద పెట్టాను.