దిల్షాద్ పాటలు, చదివింపులు లేకుండా

“గాండ్లపెంట పోతులయ్య, స్టీలు బిందె” అన్న మాటను యూనస్ కంప్యూటర్లో కత్తిరించేశాడు. బిందెతో పాటు చరణంలో ఒక ముక్క కూడా పోయింది. పోతే పోనీ అనుకున్నాడు. హిందూపురంలో పాత పెళ్లి క్యాసెట్లను సీడీలకు ఎక్కించడం అతని పని. చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ చెవులతోనే చూసిన మనిషే గానీ, ఒక్కదాంట్లోనూ అతనికి భోజనం మాత్రం దొరకలేదు.

ఆ క్యాసెట్లలోనే దిల్షాద్ తగిలింది. గోరంట్ల పెళ్లిలో, ధర్మవరం పెళ్లిలో, అదే కొంచెం బొంగురు గొంతు. ఎవరీమె? తొంభైల్లో పెళ్లిళ్లకు పాడి, తర్వాత చెదిరిపోయిన పెనుకొండ ఆర్కెస్ట్రా గాయని అని వాకబు చేస్తే తెలిసింది. ఇప్పుడు మంచం పట్టిందట. పోయేలోగా ఆమె తన గొంతును ఒక్కసారైనా తేటగా వినాలని యూనస్ పంతం పట్టి, పాటలన్నీ ఏరి ఒక సీడీలో కూర్చాడు. ఆమె పాట ఎత్తుకుంటే చాలు, ఎవడో మైకులో చదివింపులు మొదలుపెట్టేవాడు. అన్ని క్యాసెట్లలోనూ వాడే. వాడంటే యూనస్‌కు ఒళ్లుమంట.

ముందే కబురు పెట్టి, మధ్యాహ్నం బస్సులో పెనుకొండ చేరాడు. సంచిలో సీడీ, ప్లేయరు, యజమానులకు తిరిగి ఇవ్వాల్సిన క్యాసెట్లు. దిల్షాద్ కూతురు జరీనా తలుపు తీసింది. మంచం మీద చిక్కి సగమైన మనిషి వక్క చప్పరిస్తోంది. రెండు పాటలు కళ్లు మూసుకుని వింది.

“బాగుండాది. మా ఆయప్ప యాడబ్బా?”

“ఎవురమ్మా?”

“బుడన్‌సాబ్. మైకులో సదివేది ఆయప్పే కదా.”

“మా నాయన పోయి శానా ఏండ్లాయన్నా,” అంది జరీనా. “ఆ గొంతు వినొచ్చని పొద్దున్నుంచి కాసుకోనుండాది.”

యూనస్‌కు తల కొట్టేసినట్టయింది. గబగబా సంచిలోంచి ఒక క్యాసెట్ తీసి, ఆ ఇంటి టేప్‌రికార్డర్లోనే పెట్టాడు.

“కదిరమ్మ, గోడ గడియారం. సద్దు చేయాకండప్పా! ఇబుడు మా దిల్షాద్ పాడతాది.”

దిల్షాద్ ముఖం విప్పారింది. నోట్లోంచి వక్క తీసి కిటికీ గట్టు మీద పెట్టి, గొంతు సవరించుకుంది. టేపులో పాటతో పాటు పెదవులు కదిపింది. మధ్యమధ్య బుడన్‌సాబ్ బిందెలూ చెంబులూ చదువుతూనే ఉన్నాడు. యూనస్ మొదటిసారి ఆ గొంతును కోపం లేకుండా విన్నాడు. మంచి గొంతే.

క్యాసెట్ అయిపోయి బటన్ టక్కున లేచింది.

“మా, తిరగేయమంటావా?” అంది జరీనా.

దిల్షాద్ తల పక్కకు వాలిపోయి ఉంది. తల్లి చెయ్యి పట్టుకుని చూసి, జరీనా అక్కడే కూలబడింది. యూనస్ ఏం చేయాలో తోచక కిటికీ వైపు చూశాడు. గట్టు మీద, పాటకని నోట్లోంచి తీసిన వక్క ఇంకా తడిగానే ఉంది.