పైవి, కిందివి

మూడు రోజులుగా నా బుర్ర పనిచెయ్యడం లేదు. అంతకుముందు బ్రహ్మాండంగా పనిచేసేదని మా ఆయన కూడా అనడు కానీ, ఈ మూడు రోజులూ మరీ అన్యాయం. టీలో చక్కెర వేశానో లేదో తెలియక, మళ్ళీ వేసుకుని తాగాను.

కారణం పురుగులు. మా ల్యాబులో వాటిని మూడుతోకలంటాం. వాగులో రాళ్ళను కరుచుకుని పెరుగుతాయి, రెక్కలొచ్చాక ఒక్కరోజు ఎగిరి చచ్చిపోతాయి. ఆ వాగుకు అడ్డంగా ఎనిమిదేళ్ళ కిందట గోడ కట్టారు. గోడకు ఎగువనున్న పురుగులూ దిగువనున్నవీ వేరుపడుతున్నాయేమో చూడడం మా పని. నూట ఇరవై పురుగులకు తలా ఒక కాలు తుంచి, డీఎన్‌ఏ తీసి, జీనోమ్ మొత్తం చదివించాం.

వాటిని పట్టి తెచ్చింది మా పిన్ని, అమ్మకు సొంత చెల్లెలు. ఇరవై రెండేళ్ళుగా ఈ ల్యాబు కోసం వాగుల్లో దిగేది ఆవిడే. నన్ను ఈ ఉద్యోగంలో చేర్పించిందీ ఆవిడే. అరవై సీసాల మీద ‘పై’ అనీ, అరవై సీసాల మీద ‘కింద’ అనీ ముత్యాల్లాంటి చేతిరాతతో రాసి ఇచ్చింది. నేను వాటిని కంప్యూటర్‌లో ఎగువ, దిగువ అని ఎక్కించాను.

ఫలితం చూసి నాకు దిమ్మతిరిగింది. పురుగులు రెండు గుంపులుగా విడిపోయాయి. అదీ అలా ఇలా కాదు, పాతిక లక్షల ఏళ్ళ కిందటే దారులు వేరైన రెండు జాతులుగా. గోడ వయసు చూస్తే ఎనిమిదేళ్ళు. భూతద్దంలో చూస్తే రెండూ అచ్చు ఒకటే. మెషీన్‌ను అనుమానించి మళ్ళీ కాళ్ళు తుంచాను. మళ్ళీ అదే వచ్చింది. తర్వాత నన్ను నేను అనుమానించుకున్నాను, ఆ ముచ్చటా తీరింది. ఇక మిగిలింది పిన్ని ఒక్కతే.

మా ప్రొఫెసర్‌గారు అంత తల బద్దలు కొట్టుకోలేదు. పిన్ని మోకాళ్ళ నొప్పులతో దిగువకు వెళ్ళలేక, ఇంటి దగ్గర ఏదో కాలవలో పట్టి సీసాలు నింపేసి ఉంటుందని తేల్చేశారు. తప్పు ఒప్పుకుంటున్నట్టు ఆవిడ సంతకం కావాలన్నారు. సంతకం రాగానే పురుగులన్నీ పారేస్తారు, పిన్నికి ఇక పని ఉండదు. ఆ కాగితం పట్టుకెళ్ళే భాగ్యం నాకు దక్కింది.

వెళ్ళి పిన్ని వంటింట్లో కూర్చున్నాను. గోడకు దిగువన పట్టిందా లేదా అని అడిగాను.

“గోడ అవతలికి నేను పోనేలేదే. అన్నీ ఒక్కచోటే తీశాను” అంది.

దాపరికం లేకుండా అంత మాట అనేసరికి నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళ పేరు చేజేతులా పాడుచేసుకున్నావని అరిచాను. తప్పు చేశానా అని మెల్లగా అడిగింది. చేశావన్నాను. చదవకుండానే సంతకం పెట్టింది. తర్వాత మెడలోని భూతద్దం తాడుతో సహా తీసి నా చేతిలో పెట్టింది.

“ఇక నాకెందుకులే, ఉంచుకో.”

కాగితం సంచిలో పెట్టుకుని బస్సెక్కాక మళ్ళీ తికమక మొదలైంది. అన్నీ ఒక్కచోటివే అయితే రెండు జాతులెలా వచ్చాయి? వచ్చాయే అనుకుందాం, భూతద్దానికే అందని తేడాను బట్టి అరవై ఇటూ అరవై అటూ, ఒక్కటీ తప్పిపోకుండా సీసాల్లోకి ఎలా సర్దుకున్నాయి? మోసం చేసేవాళ్ళకు ఇంత శుభ్రం చేతకాదు. మర్నాడు పొద్దున్నే పిన్ని ఇంటికి వెళ్ళి, ఎక్కడ తీసిందో చూపించమన్నాను.

వాగు దాకా నాకు పదడుగులు ముందే నడిచింది. గోడకు ఎగువన నీళ్ళలో దిగి, పళ్ళెమంత రాయి ఒకటి ఎత్తింది. రాతి పైభాగాన ఉన్న పురుగులను బ్రష్షుతో ఒక సీసాలోకి రాల్చింది. రాయి తిరగేసి, అడుగున ఉన్నవాటిని ఇంకో సీసాలోకి రాల్చింది.

“ఇవి పైవి. ఇవి కిందివి. విడివిడిగా పట్టమని ఫోన్‌లో చెప్పింది నువ్వేగా?”

చెప్పాను. ఆ మాటలే చెప్పాను. నాకు పై అంటే వాగు, ఆవిడకు పై అంటే రాయి. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అక్కడే తడిరాతి మీద కూర్చున్నాను. తప్పు నాదేనని, ఒకే రాతికి అటూ ఇటూ బతికే ఆ పురుగులు పాతిక లక్షల ఏళ్ళుగా ఒకదానికొకటి ఏమీ కావని చెప్పాను.

“నాకెప్పుడూ అనుమానమే. ఈ కిందివి మొండివి, బ్రష్షుకు ఓ పట్టాన రావు. సార్‌తో అంటే నవ్వారు” అంది. సీసాలకు మూతలు పెడుతూ, “నిన్న నువ్వు అరిచాక నా మతే పోయిందేమో అనుకున్నాను. రాత్రంతా అదే ఆలోచన” అంది.

నాకు ఏడుపొచ్చింది. కాగితం తీసి చించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

“చించకు. వెనకవైపు ఖాళీగా ఉందిగా. ఎవరి తప్పో అక్కడ రాయి.”

ముందువైపు ఆవిడ సంతకం కొట్టేశాను. వెనకవైపు మోకాలి మీద పెట్టుకుని జరిగిందంతా రాశాను. పైకి చదవమంటే చదివాను. ఎవరి తప్పో చెప్పే వాక్యం రెండుసార్లు చదివించుకుంది. కింద నేను సంతకం పెట్టాక చెయ్యి చాపింది.

“ఆ భూతద్దం ఇటియ్యి. సంతకం సరిగ్గా పెట్టావో లేదో చూడాలి.”