అరచేతుల్లో తోడుకున్న మందు

దూదక్క చేతి సూది నొప్పెట్టదు. ఆ ఆసుపత్రిలో ఎవరినడిగినా ఇదే మాట చెబుతారు. ఆ నర్సుకి ఆ పేరు వచ్చిందే అందుకు. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా లేదు. ఇందులో మంత్రమూ లేదు, మాయా లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన మందుని అరచేతుల మధ్య పెట్టుకుని, నాలుగు కబుర్లు చెప్పి, చలి విరిగాక పొడుస్తుంది. ఇరవై ఆరేళ్ల అలవాటు. ఇవాళ కొంప ముంచింది ఆ అలవాటే.

ఎదురుగా మంచం మీద కూర్చున్నావిడకి ఒంట్లో ఊరాల్సిన హార్మోను ఒకటి ఊరడం మానేసింది. రోజుకి రెండు సూదులు, రెండుపూటలా ఇక్కడికొచ్చి వేయించుకోవాలి. పూట తప్పితే కళ్లు తిరిగి పడిపోతుంది. అలాంటి మనిషి ఊరు దాటేదెలా? దూరాన వేరే ఊళ్లో ఉన్న కూతురికి నెలలు నిండాయి, కదలొద్దన్నారు. ఆ పిల్లకి తోడు ఇంకెవరూ లేరు. అందుకే డాక్టరు ఈ కొత్త మందు రాశాడు. చల్లగా ఉన్నంతసేపు నీళ్లలా ఉంటుంది. చర్మం కిందికి వెళ్లి వెచ్చబడగానే జెల్లులా గడ్డకట్టి, నెల్లాళ్లపాటు కొద్దికొద్దిగా మందు వదులుతుంది. వచ్చింది ఒక్కటే సిరంజి. ఇంకోటి రావాలంటే పదిరోజులు. రైలు ఇంకో గంటన్నరకి.

"మనవడొస్తే నన్ను మర్చిపోతావు వదినా," అంటూ దూదక్క అరచేతుల మధ్య ఉన్న సిరంజి పైకెత్తింది. వంచి చూసింది. లోపలి మందు కదల్లేదు, గడ్డపెరుగులా నిలబడిపోయింది. దాచిపెట్టే మనిషి కాదు కనక ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"వదినా, నా చేతులు కాల్చెయ్యాలి. మందు పాడుచేశాను."

ఆవిడ సంచి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. నాలుగు తిట్లు తిట్టినా బావుండేది అనిపించింది దూదక్కకి. కింద మందుల గదికి ఫోను చేసింది.

"అక్కా, దాంతోపాటు ఇచ్చిన కాగితం చదవలేదా?" అన్నాడు ఫార్మసిస్టు.

"నేను చదివాను తమ్ముడూ. నా చేతులు చదవలేదు."

"మూత తీశావా?"

"లేదు."

"అయితే కంగారెందుకు? ఐసునీళ్లలో పావుగంట ఉంచు, మళ్లీ నీళ్లవుతుంది. ఒకసారి గట్టిపడినా పరవాలేదని కంపెనీవాళ్లే రాశారు, కాగితం వెనకవైపు. తీసింది తీసినట్టు పొడిచెయ్యి. చేతుల్లో పెట్టుకుని ముద్దు చెయ్యకు."

ఆ పావుగంట గడియారం నత్తలా నడిచింది. ఇద్దరూ ఐసుగిన్నెకి చెరోవైపు కూర్చుని, పాలు పొంగుతాయేమో అన్నట్టు కాపలా కాశారు. చివరికి సిరంజి వంచితే లోపలి బుడగ పైకి చకచకా పాకింది. దూదక్కకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఈసారి కబుర్లు లేవు. ఐసులోంచి తీసి, తుడిచి, పొట్ట దగ్గర పొడిచేసింది. సూది లావు, మందు మంచులా ఉంది.

"అబ్బా," అందావిడ. "నీ చెయ్యి నొప్పెట్టదన్నారే!"

"నొప్పెట్టిందా వదినా?"

"ప్రాణం పోయింది." ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే నవ్వి, సంచి భుజాన వేసుకుంది. "వస్తా దూదక్కా. నెల్లాళ్లదాకా నీ మొహం చూడను."

నా సూది నొప్పెట్టింది అని ఆ రోజంతా కనబడిన ప్రతివాళ్లకీ సంతోషంగా చెప్పుకుని తిరిగింది దూదక్క.